కేఐ-67 సీసా: నాలుగోది అడుగంటుతుండగా

ఆరు మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా. పైన చుక్కలు పడే మూతి, లోపల నీళ్లలాంటి మందు: గడ్డ కణాల్లో ఎన్ని పెరిగే పనిలో ఉన్నాయో చూపించే కేఐ-67. రంగు లేదు, వాసన లేదు. మా ల్యాబ్‌లో ఊడ్చే అత్త మొదటిసారి ఫ్రిజ్‌లో చూసి, "కండ్లల్ల ఏసుకునే మందా బిడ్డా?" అని అడిగింది. ధర చెప్పాక ఆ ఫ్రిజ్ తలుపు మళ్లీ ముట్టుకోలేదు.

నేను నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు పక్కన ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో హిస్టో టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌లో తీసిన ముక్కని మైనంలో పొదిగి, మూడు నాలుగు మైక్రాన్ల పలచన కోసి, గాజు స్లైడ్ మీద పరిచి, రంగు వేసి మా పాథాలజిస్టు మేడం ముందు పెట్టడం నా పని. మూడేళ్ల కింది దాకా ఇమ్యునో (యాంటీబాడీ వేసి కణంలోని ప్రొటీన్‌ని రంగుగా చూపే పరీక్ష) అంటే మాకు తెలిసింది ఒకటే: ముక్క పొదిగిన మైనం దిమ్మని, అంటే బ్లాకుని పేషెంటు ఇంటివాళ్ల చేతిలో పెట్టి హైదరాబాద్ బస్సెక్కించడం. ఇప్పుడు ఏడెనిమిది మార్కర్లు (ఒక్కోటి ఒక్కో ప్రొటీన్‌ని వెతికే మందు) ఇక్కడే వేస్తున్నాం. వాటిలో ఎక్కువ ఖర్చయ్యేది, ఎక్కువ తిట్లు తినేది కేఐ-67. మూడు సీసాలు అయిపోయాయి, నాలుగోది అడుగంటుతోంది. కొత్తగా ఇమ్యునో మొదలుపెట్టే చిన్న ల్యాబులవాళ్లు "ఏది కొనాలి, ఎట్లా ఉంది?" అని అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. రిపోర్టులో ఈ నంబరు చూసి భయపడ్డ ఇంటివాళ్లకి కూడా కొంత పనికిరావచ్చు.

కంపెనీల పేర్లు రాయను. రెండు రకాలు వాడాం. ఒకటి ఎంఐబీ-1 క్లోన్ (క్లోన్ అంటే ఒకే కణం సంతతి తయారుచేసే యాంటీబాడీ రకం), ఎలుక నుంచి వచ్చింది. ఇంకోటి ఎస్‌పీ6, కుందేలు నుంచి వచ్చింది. రెండూ పనిచేశాయి.

ముందు ఇది చేసే పనేంటో చెప్పాలి. కణం రెండుగా చీలే పనిలో ఉన్నంతసేపూ దాని కేంద్రకంలో ఒక ప్రొటీన్ ఉంటుంది. పని ఆపి విశ్రాంతిలోకి వెళ్లిన కణంలో అది ఉండదు. సీసాలోని యాంటీబాడీ వెళ్లి ఆ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఆ తర్వాత వేసే డీఏబీ అనే రంగు అక్కడే గోధుమరంగులో కూర్చుంటుంది. పనిలో ఉన్న కేంద్రకం బ్రౌన్, ఊరికే ఉన్నది నీలం. వంద కణాల్లో ఎన్ని బ్రౌన్ ఉన్నాయో లెక్కపెడితే అదే శాతం. అంతే. ఇందులో మంత్రం లేదు.

పేరు వెనక చిన్న కథ ఉంది. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో యోహానెస్ గెర్డెస్, ఆయన తోటివాళ్లు హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కణాల కేంద్రకాలని ఎలుకలకి ఎక్కించి యాంటీబాడీలు తయారుచేశారు. 96 గుంటల ప్లేటులో 67వ గుంటలోది పనికొచ్చింది. ఊరి పేరులో మొదటి రెండక్షరాలు, గుంట నంబరు, రెండూ కలిపి కేఐ-67. మన దగ్గర పుట్టుంటే ఎన్‌ఏ-67 అయ్యేదని మేడం నవ్వుతారు. ఆ మొదటి యాంటీబాడీ మంచులో గడ్డకట్టించిన పచ్చి ముక్క మీదే పనిచేసేది, మైనం బ్లాకుల మీద కాదు. 1990ల మొదట్లో ఎంఐబీ-1 వచ్చి, స్లైడ్లని ఉడికించే పద్ధతి దానికి తోడయ్యాకే మైనం మీద కూడా కుదిరింది. అది రాకపోతే మాలాంటి ల్యాబుకి ఈ మార్కర్ ఎప్పటికీ అందేది కాదు.

ఉడికించడం అంటే నిజంగా ఉడికించడమే. ముక్క కుళ్లకుండా వేసే ఫార్మలిన్ ప్రొటీన్లని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది, ఆ ముడులు వేడికి సడలితేగానీ యాంటీబాడీ లోపలికి పోదు. దీనికి ఖరీదైన మిషన్లు ఉన్నాయి. మా దగ్గర ఉన్నది ప్రకాశం బజార్‌లో కొన్న ఐదు లీటర్ల స్టీలు కుక్కర్. పీహెచ్ 9 ఉన్న ట్రిస్-ఈడీటీఏ బఫర్ పోసి, స్లైడ్ల స్టాండు అందులో దించి మూత పెడతాం. మొదట్లో నేను ఇంటి అలవాటు కొద్దీ విజిళ్లు లెక్కపెట్టేదాన్ని. మేడం గోడ గడియారం తెచ్చి కుక్కర్‌కి ఎదురుగా కొట్టించారు. విజిళ్లు గ్యాసుని బట్టి, రబ్బరుని బట్టి మారతాయి, నిమిషాలు మారవు. దించాక తొందరపడి చన్నీళ్లు పోస్తే సెక్షన్లు లేచిపోతాయి. ముఖ్యంగా కొవ్వు ఎక్కువున్న రొమ్ము ముక్కలు కుక్కర్‌లోనే తేలుతుంటాయి, కోడిగుడ్డు తెల్లసొన విడిపోయినట్టు. మొదటి నెలలో నేను అట్లా నాలుగు స్లైడ్లు పోగొట్టా. మామూలు స్లైడ్లు కాకుండా, ముక్కని గట్టిగా పట్టుకునే ఛార్జ్డ్ స్లైడ్లు తెప్పించాక తగ్గింది.

ఇక్కడ సీసాకి మంచి మార్కులు వేయాలి. తట్టుకునే మందు ఇది. కొన్ని మార్కర్లు ఉంటాయి, కొత్తకోడలిలాగా, బఫర్ కొంచెం అటూ ఇటూ అయితే అలుగుతాయి. కేఐ-67 అట్లా కాదు. డిసెంబరులో గది చల్లగా ఉన్నా, మే నెలలో ఏసీ పోయి గది పొయ్యిలా ఉన్నా, రిట్రీవల్ (పైన చెప్పిన ఉడికించడం) సరిగ్గా చేస్తే కేంద్రకం స్పష్టంగా బ్రౌన్‌గా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్, అంటే చుట్టూ అనవసరంగా పడే రంగు, దాదాపు ఉండదు. ఎండాకాలం జాగ్రత్త ఒకటే: మందు వేసిన స్లైడ్ ఎండిపోకూడదు. ఎండితే అంచులన్నీ బ్రౌన్ పూసుకుని, అసలు ఏది నిజమో తెలియదు. తడిగుడ్డ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో స్లైడ్లు పెట్టి మూత వేస్తాం. దుకాణంలో దీన్ని ఇంకో పేరుతో వేలకి వేలు అమ్ముతారు.

ప్రతి స్లైడ్ చివర చిన్న టాన్సిల్ ముక్క అతికిస్తాను. ఇది కంట్రోల్. టాన్సిల్‌లో గుండ్రటి కేంద్రాలు ఉంటాయి, అక్కడ కణాలు జోరుగా పుడుతుంటాయి కాబట్టి బ్రౌన్‌తో కిక్కిరిసిపోతుంది. దాని చుట్టూ ఉన్న వలయంలో అక్కడొకటి ఇక్కడొకటి తప్ప ఉండవు. ఈ రెండూ కనిపిస్తే ఆ రోజు వంట కుదిరినట్టు. వలయం కూడా బ్రౌన్ అయిందంటే నా చేయి ఎక్కడో తప్పింది.

ఇక నీళ్ల సంగతి. చివర్లో కేంద్రకాలకి నీలం ఇచ్చే హెమటాక్సిలిన్ వేసి, క్షారగుణం ఉన్న నీళ్లలో ముంచితే ఎర్రటి ఊదా పోయి నీలం తేలుతుంది. నేను పని నేర్చుకున్న చోట దీనికి వేరే ద్రవం కలిపేవాళ్లు. నల్లగొండలో అవసరం లేదు, మా బోరు నీళ్లు చాలు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంచినవి ఈ జిల్లా బోరు నీళ్లే. నీళ్లలో ఆ క్షారగుణం ఉన్నచోటే రాళ్లలోని ఫ్లోరైడ్ కూడా తేలిగ్గా కరుగుతుందట. మా నాయనమ్మ పళ్ల మీద గార చూస్తూ పెరిగినదాన్ని, ఆ నీళ్లని పొగుడుతానని ఎన్నడూ అనుకోలేదు. కానీ స్లైడ్ మీద ఆ నీలం మాత్రం చాలా బాగుంటుంది. యాంటీబాడీ వేసే దశల్లో, బఫర్ కలిపేటప్పుడు బోరు నీళ్లు పనికిరావు, డిస్టిల్డ్ వాటరే.

5లో 4 ఇస్తాను. తగ్గించిన ఒక్క మార్కు చుక్కల లెక్కకి. అట్ట మీద 60 టెస్టులు అని ఉంటుంది. 6 మి.లీ.ని 100 మైక్రోలీటర్ల చొప్పున పంచితే కాగితం మీద 60 వస్తుంది. సూది బయాప్సీ అయితే సరే. రొమ్ము గడ్డ సెక్షన్ స్లైడ్ నిండా ఉంటుంది, పక్కన టాన్సిల్ ఉంటుంది, రెండూ తడవాలంటే మూడు నాలుగు చుక్కలు కావాలి. మాకు ఎప్పుడూ 45 దాటలేదు. రేటు కట్టేటప్పుడు 60తో భాగిస్తే నష్టపోతారు.

తిట్లు ఎక్కువ అన్నాను. అందులో సగం సీసాకి రావలసినవి కావు.

జిల్లాలోనే ఒక నర్సింగ్ హోమ్ నుంచి నిరుడు రొమ్ము గడ్డ వచ్చింది. పెద్ద బత్తాయంత ఉంది. ఇరుకు మూతి సీసాలో కుక్కి పంపారు, తీయడానికి సీసా కోయాల్సి వచ్చింది. ఫార్మలిన్ గడ్డ మునిగీ మునగనట్టు ఉంది. కోయకుండా, గీత కూడా పెట్టకుండా అట్లాగే వేశారు. రెండు రోజుల తర్వాత చేరింది. మేడం నడిమికి కోస్తే పైన అరంగుళం గట్టిపడింది, లోపల పచ్చి మాంసం. సరే, ఉన్నంతలో బ్లాకులు చేశాం. కేఐ-67 వేశాక చూస్తే అంచుల్లో ముప్పై పైన, లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ నడిమిట్లో సున్నా. టాన్సిల్ మాత్రం చక్కగా ఉంది. సీసా తప్పు లేదు, నా తప్పూ లేదు.

మేడం నన్ను పిలిచి మైక్రోస్కోపులో ఒక కణం చూపించారు. నడిమి భాగంలో, రెండుగా చీలుతూ క్రోమోజోములతో సహా పట్టుబడ్డ కణం. అది నీలంగా ఉంది. "చీలుతున్న కణం బ్రౌన్ కాకుండా ఉంటుందా చెప్పు?" అన్నారు. ఉండదు. చీలేటప్పుడు ఈ ప్రొటీన్ క్రోమోజోముల చుట్టూ పూతలా ఉండి అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. దొంగ చేతిలో సొమ్ము కనిపిస్తూ పంచనామాలో ఏమీ దొరకలేదని రాసినట్టుంది ఆ స్లైడ్. ఆ రోజు నుంచి నేను ఏ స్లైడ్ ఇచ్చినా ముందు చీలే కణాలు వెతికి, అవి బ్రౌన్ అయ్యాయో లేదో చూసి ఇస్తున్నాను. కొత్త టెక్నీషియన్లు ఇదొక్కటి నేర్చుకున్నా చాలు. బయటినుంచి అతికించిన టాన్సిల్ నా పనిని పరీక్షిస్తుంది, ముక్క నా దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పేది లోపలి కణాలే.

రిపోర్టు అంచుల నుంచి మాత్రమే ఇచ్చి, కింద కారణం రాశారు మేడం. ఆ నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేస్తే, "ఇన్నేండ్లుగా గిట్లనే పంపుతున్నం, ఎవరూ అడగలే" అన్నారు. నిజమే, మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగుకి ఎట్లా పంపినా ఏదో ఒకటి కనిపిస్తుంది. ఇమ్యునో అట్లా సర్దుకుపోదు.

అందుకే చెబుతున్నా. సీసా కొనే ముందు ఫార్మలిన్ మీద ఖర్చుపెట్టండి. పది శాతం బఫర్డ్ ఫార్మలిన్, అంటే దుకాణంలో దొరికే గాఢ ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, బఫర్ లవణాలు. ముక్కకి కనీసం పదింతలు పోయాలి. గడ్డ పెద్దదైతే అర సెంటీమీటరుకి ఒకటి చొప్పున కోతలు పెట్టి వేయాలి. రొమ్ము క్యాన్సర్ ముక్క 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఫార్మలిన్‌లో ఉండాలని పాథాలజీవాళ్ల నియమం. మూతి వెడల్పు ఉన్న డబ్బా, దాని మీద గడ్డ తీసిన టైము. నేను మా సర్జన్ల దగ్గరికి ఖాళీ డబ్బాలు నేనే పంపడం మొదలుపెట్టా. కొన్ని ఉప్పు డబ్బాలుగా మారాయని తెలిసింది. పోనీ.

ఇప్పుడు నంబరు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నా అసలు.

వానాకాలం వడ్లు కొనుగోలు సెంటర్లకి వస్తున్న రోజులు. హాలియా అవతల, సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతు ఒకాయన, యాభై ఉంటాయి, భార్య రిపోర్టు పట్టుకుని వచ్చాడు. మేడం లేరు. కాగితం మీద "కేఐ-67: 40 శాతం" అని ఉంది. దాని చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టారు. దారిలో మెడికల్ షాపు పిల్లగాడు చుట్టి, ఏదో అన్నాడట.

"నలభై శాతం అంటే సగం పాయినట్టేనా మేడం?" అని అడిగాడు.

నేను టెక్నీషియన్‌ని, రిపోర్టు గురించి చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఆయన మొహం చూసి ఊరుకోబుద్ధి కాలేదు. "అన్నా, ఇది ఒంట్లో ఎంత పాకిందో చెప్పే లెక్క కాదు. ఆ తీసిన గడ్డలో నూరు క్యాన్సర్ కణాలు ఉంటే నలభై పెరిగే పనిలో ఉన్నయ్. ఎంత దూరం పోయిందనేది వేరే. స్కానింగు, చంకలో గడ్డలు చూసి పెద్ద డాక్టర్లు చెప్తరు. ఒక్కోసారి జోరుగా పెరిగేదానికే కీమో బాగా తాకుతది" అన్నా.

కాసేపు కాగితం వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "అంటే వడ్ల మ్యాచర్ (తేమ) లెక్క అన్నట్టు. కుప్ప ఎంతున్నదో అది జెప్పదు, పచ్చి ఎంతున్నదో జెప్తది."

పదేళ్లు చదివిన డాక్టర్లు పేషెంట్లకి దీన్ని ఇంత బాగా చెప్పగా నేను వినలేదు. అదే అన్నాను. ఆయన అక్కడితో ఆగలేదు.

"మరి చెల్లె, మీరు మిషిను కుప్పల ఏడ వెట్టిన్రు?"

నేను బిత్తరపోయా. వడ్లు అమ్మినవాళ్లకి తెలుసు: తేమ 17 శాతం దాటితే కొనరు. ఎండ తగిలిన పైపొరలో మిషన్ పెడితే 16 చూపిస్తుంది, చేయి లోపలికి పెట్టి తీసిన గింజలకి 20 చూపిస్తుంది. కుప్ప అదే, మిషన్ అదే. సెంటర్లో జరిగే కొట్లాటల్లో సగం ఈ ఒక్క విషయం మీదే. కేఐ-67 మీద పెద్ద పెద్ద పాథాలజిస్టులు మీటింగుల్లో కొట్లాడేదీ దీని మీదే. బ్రౌన్ ఎక్కువున్న చోట లెక్కపెట్టాలా, స్లైడ్ మొత్తం మీద సగటు తీయాలా?

జవాబు గడ్డని బట్టి మారుతుంది. పేగులో, క్లోమంలో వచ్చే న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు వదిలే కణాల నుంచి పుట్టే) గడ్డలకి నియమం స్పష్టంగా ఉంది: బ్రౌన్ ఎక్కువున్న చోటే లెక్కపెట్టాలి, కనీసం 500 కణాలు. 3 శాతం లోపుంటే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, ఆపైన గ్రేడ్ 3. అక్కడ ఈ సీసా చెప్పిన నంబరే గ్రేడ్‌ని తేలుస్తుంది. రొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆ నిశ్చయం ఉండదు. అంతర్జాతీయంగా ఇదే పని మీద ఉన్న బృందం ఒకటి స్లైడ్ మొత్తాన్ని చూసి సగటు తీయమంటుంది. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్ (హార్మోన్లకి స్పందించే, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువ లేని) తొలిదశ గడ్డల్లో కీమో సంగతి తేల్చడానికి 5 శాతం, అంతకు తక్కువ వచ్చినా, 30, ఆపైన వచ్చినా ఆ నంబరుని నమ్మొచ్చని, నడిమిది ఒక ల్యాబుకి ఇంకో ల్యాబుకి మారిపోతుందని వాళ్ల మాట.

నడిమిది ఎంత మారుతుందో మేము చేసి చూశాం. మేడం ఐపీస్ మీద ఫోన్ పెట్టి ఫొటో తీసి, ఏ4 కాగితం మీద రెండు ప్రింట్లు తీయించారు. ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. ఎర్ర పెన్నుతో బ్రౌన్ కణాలు, నీలం పెన్నుతో మిగతావి కొట్టేసుకుంటూ పోవాలి. ఒకే ఫొటో, ఒకే మధ్యాహ్నం. ఆవిడకి 22 వచ్చింది, నాకు 27. కూర్చుని పోల్చుకుంటే తేడా ఎక్కడో తెలిసింది. లేత గోధుమరంగు కేంద్రకాల్ని నేను కలుపుకున్నా, ఆవిడ కొన్ని వదిలేశారు. గడ్డ మధ్య దూరిన తెల్ల రక్తకణాలు కొన్ని కూడా నా లెక్కలో పడ్డాయి, అవి క్యాన్సర్ కణాలు కావు. నియమం ప్రకారం లేతదైనా బ్రౌన్ బ్రౌనే, కలపాలి. తెల్ల రక్తకణాలు తీసేయాలి. మళ్లీ లెక్కపెడితే ఇద్దరం 24 దగ్గర కలిశాం. కాగితం లేకుండా కంటి అంచనాతో చెప్పమంటే ఆ స్లైడ్‌కి ఇద్దరం "ఇరవై" అనేవాళ్లం. కంటికి గుండ్రటి అంకెలంటే ఇష్టం.

ఆ ఇరవై ఊరికే పోయే అంకె కాదు. 2021 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కి అబెమసిక్లిబ్ మాత్రలు ఇవ్వొచ్చని అనుమతిస్తూ, కేఐ-67 కనీసం 20 శాతం ఉండాలని షరతు పెట్టింది. అంటే 19 వచ్చినావిడకి లేదు, 20 వచ్చినావిడకి ఉంది. 2023 మార్చిలో ఆ షరతు తీసేశారు. వార్త చదివి మేడం, "మన ఎర్ర పెన్నుకి కొంచెం బరువు దిగింది" అన్నారు.

ఆ రైతుకి ఇదంతా చెప్పలేదు. "పది చోట్ల పెట్టి చూసినం అన్నా" అని మాత్రం అన్నా. అది నిజమే.

ఇది బాగా పనికొచ్చే ఇంకో చోటు గురించి ఎవరూ మాట్లాడరు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల గర్భాశయ ముఖద్వారం పొర పలచబడి, కణాలన్నీ ఒకే తీరుగా, నల్లగా, చిక్కగా కనిపిస్తాయి. క్యాన్సర్‌కి ముందు దశ కూడా అట్లాగే ఉంటుంది. హెచ్ అండ్ ఈ మీద రెండింటినీ విడదీయడం కష్టమయ్యే స్లైడ్లు ఉంటాయి. దేవరకొండ వైపు నుంచి అరవై దాటిన ఒకామె బయాప్సీ అట్లాంటిదే వచ్చింది. వెంట వచ్చిన కొడుకు అప్పటికే గర్భసంచి తీయించడానికి డబ్బు సర్దుకుని వచ్చాడు. కేఐ-67, పి16 (ముందు దశలో ఎక్కువగా కనిపించే ఇంకో ప్రొటీన్‌ని చూపే మార్కర్) రెండూ వేశాం. ముందు దశ అయితే బ్రౌన్ కేంద్రకాలు పొర అడుగు నుంచి పైదాకా ఎక్కుతాయి, పి16 పట్టీలాగా పడుతుంది. ఆమె స్లైడ్‌లో అడుగున రెండు మూడు బ్రౌన్ చుక్కలు, పైన అంతా నీలం. పి16 లేదు. వయసుతో వచ్చిన పలచదనం, అంతే. కొడుకు ఆ డబ్బుతో ఏం చేశాడో తెలియదు, ఆమె మాత్రం ఆ సాయంత్రమే సంచి పట్టుకుని బస్టాండుకి నడిచిపోయింది. మన వైపు ఎంతమంది ఆడవాళ్లకి అక్కర లేకుండా గర్భసంచి తీసేశారో తెలిసినవాళ్లకి ఈ రెండు స్లైడ్ల విలువ తెలుస్తుంది.

దీనికి రాని పని కూడా చెప్పాలి. ఇది క్యాన్సరో కాదో చెప్పదు. మంచి చర్మం అడుగు పొరలో బ్రౌన్ ఉంటుంది, మంచి పేగు గుంటల అడుగున ఉంటుంది, టాన్సిల్‌లో ఎట్లాగూ ఉంటుంది. ఎక్కడ ఉంది, ఎంత ఉంది, పక్కన ఏ మార్కర్ ఏం చెప్పింది అన్నవి కలిపి చూసేవాళ్లు ఉండాలి. ఒక్క చోట మాత్రం చూడగానే ఒళ్లు జలదరిస్తుంది: బర్కిట్ లింఫోమా, చాలా వేగంగా పెరిగే లింఫు కణాల క్యాన్సర్. నూటికి దాదాపు నూరు బ్రౌన్. నీలం వెతుక్కోవాలి. మూడేళ్లలో ఒక్కటే వచ్చింది, చిన్న పిల్లవాడిది. ఆ రోజు మేడం రిపోర్టు టైపు కాకముందే హైదరాబాద్‌కి ఫోన్ చేశారు.

ఏ క్లోన్ కొనాలి అంటే, మాకు లెక్కల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఎస్‌పీ6 కొంచెం ముదురుగా పడుతుంది, కంటికి హాయి. ఎంఐబీ-1 మీద రాసిన పుస్తకాలు, పేపర్లు ఎక్కువ కాబట్టి మేడంకి దాని మీద నమ్మకం ఎక్కువ. ఎంఐబీ-1కి ఒక వింత గుణం కూడా ఉంది. థైరాయిడ్‌లో హైలినైజింగ్ ట్రాబెక్యులర్ ట్యూమర్ అని అరుదైన గడ్డ ఉంటుంది. దాంట్లో ఈ క్లోన్ కేంద్రకాన్ని వదిలేసి కణం చుట్టూ ఉన్న పొర మీద పడుతుంది. అదీ గది వేడిమిలో వేస్తేనే. వేరే క్లోన్‌తో రాదు. మందులో లోపమనుకోవాల్సింది అక్కడ రోగం గుర్తుపట్టడానికి ఆనవాలయింది. మేడం చదువుకునే రోజుల్లో ఒకటి చూశారట. నా చేతికి ఇంకా రాలేదు. థైరాయిడ్ ముక్క వచ్చిన ప్రతిసారీ కొంచెం ఆశపడతాను.

కొనేటప్పుడు చూసుకోవలసింది ఒకటే, చల్లదనం. ఇది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డ కట్టకూడదు. రెండో సీసా నడి మే నెలలో వచ్చింది. థర్మోకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాక్ గోరువెచ్చటి చాయ్ సంచిలా ఉంది. డీలర్‌కి ఫోన్ చేస్తే "ఏం గాదు, స్టేబుల్ ఉంటది" అన్నాడు. పాత సీసాలో మిగిలిన చుక్కలు ఒక టాన్సిల్ మీద, కొత్తవి పక్క టాన్సిల్ మీద వేశా. కొత్తది వెలిసిపోయిన చీరలా వచ్చింది. రెండు ఫొటోలూ పంపాక మాట మారింది. మార్చి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలు మళ్లీ బ్లాకులు బస్సెక్కాయి. అప్పటినుంచి సీసా మారిన ప్రతిసారీ పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసి చూడకుండా పేషెంటు స్లైడ్ ముట్టుకోను. ఎండాకాలానికి సరిపడా ఫిబ్రవరిలోనే తెప్పించుకుంటాం. నెలకి నాలుగు కేసులు కూడా లేని ల్యాబయితే అసలు కొనకండి. ఎక్స్‌పైరీ తేదీ వచ్చేసరికి సగం సీసా మిగిలి, పారేయలేక, వాడలేక ఇబ్బంది పడతారు. బ్లాకు పంపించడమే చవక.

నాలుగో సీసాలో ఇంకో ఎనిమిది స్లైడ్లకి ఉంది. ఇవాళ సాయంత్రం బస్సులో నకిరేకల్ నుంచి రొమ్ము గడ్డ ఒకటి వస్తోంది. ఫోన్ చేసి కనుక్కున్నా: డబ్బా మూతి వెడల్పుదేనట, కోతలు పెట్టారట, టైము రాయడం మరిచారట. రాయించాను.